ట్రై, క్యాచ్‌ల దగ్గరే ఆగిపోవద్దు

సంపాదకులకు నమస్కారం.

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారి కోసం మీ సాంకేతిక పేజీలో ఎర్రర్ హ్యాండ్లింగ్ (ప్రోగ్రాం నడుస్తుండగా తప్పు వస్తే ఏం చేయాలన్న ఏర్పాటు) మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటివి తెలుగులో రావడం ఎంతో అవసరం. అయితే అనుమానం ఉన్న కోడ్‌ని ట్రైలో పెట్టి, క్యాచ్‌లో ఒక మెసేజ్ చూపిస్తే పని అయిపోయినట్టే అని వ్యాసం ముగించారు. జావా, పైథాన్ పాఠాల్లో చాలావరకు ఇంతే చెబుతారు కాబట్టి రాసినవారిని తప్పుపట్టడం లేదు. కానీ అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. లిస్ప్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషా కుటుంబంలో ఈ చిక్కును ఎలా విప్పారో, ఉన్న నిర్మాణాలకే కొత్త నిర్మాణాలు ఎలా జోడించారో పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, మన్నించండి. వివరం లేకుండా చెబితే ఈ విషయం ఎవరికీ ఉపయోగపడదు.

ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలుస్తుంది, అది మరోదాన్ని పిలుస్తుంది. ఈ పిలుపులన్నీ కుండల దొంతరలా ఒకదానిమీద ఒకటి నిలబడి ఉంటాయి. దీన్నే స్టాక్ అంటాం. పైకుండలో ఎర్రర్ వచ్చింది, దాన్ని పట్టుకునే హ్యాండ్లర్ అడుగుకుండ దగ్గర ఉంది. హ్యాండ్లర్ నడిచేది దొంతర దించేశాకనా, దొంతర ఉండగానేనా? ట్రై-క్యాచ్‌లో ఎప్పుడూ దించేశాకే. అప్పటికి లోపలి వేరియబుల్స్ పోయాయి, తెరిచిన ఫైళ్లు మూసుకుపోయాయి, చదువుతున్న ఫైలులో ఎన్నో వరుస దగ్గర ఆగిందో చెప్పేవారు లేరు. ఇక చేయగలిగింది మెసేజ్ చూపించడమే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది వ్యవహారం.

దీనికి ఈమాక్స్ లిస్ప్‌ని ఉదాహరణగా తీసుకుంటాను. గ్నూ ఈమాక్స్ ఉచితంగా దొరికే ఎడిటర్, దాన్ని మలచుకోవడానికి రాసే భాష ఈమాక్స్ లిస్ప్. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు రెండూ అందులోనే ఉన్నాయి. ఎర్రర్ హ్యాండ్లింగ్ నిర్మాణాలకు ఈ మధ్యనే రెండు పెద్ద చేర్పులు జరిగిన భాష ఇది. ఒకటి 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఈమాక్స్ 28.1 వెర్షన్‌లో, రెండోది 2025 ఫిబ్రవరిలో వచ్చిన 30.1లో. ఆదేశాల పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, యంత్రంలో టైపు చేసేటప్పుడు ఆ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. మనం పెట్టుకునే సొంత పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా ఈమాక్స్ లిస్ప్ ఒప్పుకుంటుంది.

పాత నిర్మాణం పేరు కండిషన్-కేస్. దానికి మొదట ఒక వేరియబుల్ పేరు, తర్వాత నడపాల్సిన కోడ్, ఆ తర్వాత ఎర్రర్ రకానికి ఒక్కో శాఖ చొప్పున ఇస్తాం. ఎర్రర్ వస్తే స్టాక్ విప్పుకుంటూ దిగివస్తుంది, దారిలో అన్‌వైండ్-ప్రొటెక్ట్‌తో పెట్టుకున్న (ఏం జరిగినా నడవాల్సిన) శుభ్రతలన్నీ నడుస్తాయి, తర్వాత సరిపోయిన మొదటి శాఖ నడుస్తుంది. మొదట సరిపోయినదే నడుస్తుంది కాబట్టి ఫైల్-మిస్సింగ్ వంటి ప్రత్యేకమైన రకాన్ని ముందు రాయాలి, ఫైల్-ఎర్రర్‌ని దాని తర్వాత, అన్నిటికీ తల్లి అయిన ఎర్రర్‌ని చివర. వరుస తారుమారైతే ప్రత్యేక శాఖ ఎప్పటికీ నడవదు. కంట్రోల్-జీ నొక్కితే వచ్చే క్విట్ ఈ ఎర్రర్ కుటుంబంలోది కాదు. ఎర్రర్ శాఖ దాన్ని పట్టదు, పట్టకూడదు కూడా. వాడేవారు ఆపమన్నప్పుడు ప్రోగ్రాం ఆగాలి.

ఈ నిర్మాణంలో చాలా ఏళ్లు ఉండిపోయిన మొదటి లోటు, పని సవ్యంగా జరిగితే ఏం చేయాలో చెప్పే చోటు లేకపోవడం. ఫైలు చదవాలి, చదివింది లెక్క కట్టాలి అనుకుందాం. చదవడంలో వచ్చే ఫైల్-ఎర్రర్‌ని పట్టుకోవాలి. రెండు పనులనూ కండిషన్-కేస్ లోపల పెడితే, లెక్క కట్టే కోడ్ ఇంకేదో ఫైలు తెరవబోయి విఫలమైనా అదే శాఖ పట్టేస్తుంది. ఉన్న ఫైలు లేదంటూ అబద్ధపు మెసేజ్ వస్తుంది. లెక్కను బయట పెడితే, చదవడం విఫలమైనప్పుడు కూడా లెక్క నడుస్తుంది. నడవకుండా ఆపడానికి ఒక జెండా వేరియబుల్ పెట్టాలి, లేదా వైఫల్యానికి గుర్తుగా ఒక ప్రత్యేక విలువను తిరిగి ఇవ్వాలి. చాలామంది ఆ గుర్తుగా నిల్‌ని (ఏమీ లేదు అని చెప్పే విలువని) వాడతారు. ఖాళీ జాబితా కూడా నిల్లే కాబట్టి, సవ్యంగా చదివిన ఖాళీ ఫైలు కూడా వైఫల్యం కింద జమ అవుతుంది.

28.1లో చేర్చిన సక్సెస్ శాఖ ఈ బాధ తీర్చింది.

(కండిషన్-కేస్ ఫలితం
    (వరుసలు-చదువు ఫైలు)
  (ఫైల్-మిస్సింగ్ (మెసేజ్ "ఫైలు లేదు"))
  (:సక్సెస్ (లెక్క-కట్టు ఫలితం)))

ఎర్రర్ వస్తే ఫలితం అనే వేరియబుల్‌లో ఎర్రర్ వస్తువు ఉంటుంది, సవ్యంగా నడిస్తే అదే వేరియబుల్‌లో కోడ్ తిరిగి ఇచ్చిన విలువ ఉంటుంది. ఒకే పేరుకి రెండు అర్థాలు కాబట్టి తికమక పడకుండా చూసుకోవాలి. వేరియబుల్ స్థానంలో నిల్ రాస్తే సక్సెస్ శాఖకి విలువ అందదు. అన్నిటికన్నా ముఖ్యం, సక్సెస్ శాఖ నడిచేటప్పుడు పై శాఖల కాపలా ఉండదు. లెక్క-కట్టులో వచ్చిన ఎర్రర్ ఫైల్-మిస్సింగ్ శాఖకి పోకుండా, న్యాయంగా బయటివారికి చేరుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇదే కోడ్‌ని 27 వెర్షన్‌లో నడిపితే ఏ ఫిర్యాదూ రాదు. పాత ఈమాక్స్ ఆ శాఖని సక్సెస్ అనే పేరున్న ఒక ఎర్రర్ రకం అనుకుంటుంది. అలాంటి ఎర్రర్ ఎప్పుడూ రాదు కనుక శాఖ ఎప్పుడూ నడవదు, లెక్క కట్టకుండానే ప్రోగ్రాం నిశ్శబ్దంగా ముగుస్తుంది. అందుకే ప్యాకేజీ రాసేవారు మొదటి వరుసల్లోని ప్యాకేజీ-రిక్వైర్స్‌లో ఈమాక్స్ 28.1 అని తప్పనిసరిగా రాయాలి. ఉన్న నిర్మాణం లోపల కొత్త అర్థం చేర్చినప్పుడు ఈ నిశ్శబ్దం ఎప్పుడూ పొంచి ఉంటుంది. కొత్త పేరుతో కొత్త నిర్మాణం తెస్తే పాత యంత్రం కనీసం ఆ పేరు తెలియదని అరుస్తుంది. ఏదైనా భాషను విస్తరించాలనుకునేవారు ఈ తేడా బేరీజు వేసుకోవాలి.

నిజానికి సవ్యమైన ఫలితాన్ని, వైఫల్యాన్ని వేరుగా చూపాలన్న ఆలోచన లిస్ప్‌లో మొదటినుంచీ ఉంది. 1962 నాటి లిస్ప్ 1.5లోని ఎర్రర్‌సెట్ పని సవ్యంగా జరిగితే విలువను ఒక జాబితాలో చుట్టి ఇచ్చేది, విఫలమైతే జాబితా లేకుండా వదిలేది. విలువే నిల్ అయినా, నిల్ ఉన్న జాబితా వేరు, ఉత్త నిల్ వేరు. అంత పాత పనిముట్టులో ఉన్న జాగ్రత్త తర్వాతి భాషల్లో చాలాచోట్ల జారిపోయింది. కొన్నిచోట్ల మాత్రం నిలిచింది: పైథాన్‌లో ట్రైకి ఎల్స్ శాఖ ఉంది, లిస్ప్ కుటుంబంలోని ఇంకో భాష కామన్ లిస్ప్‌లో హ్యాండ్లర్-కేస్‌కి నో-ఎర్రర్ శాఖ ఉంది. మీ వ్యాసంలో పైథాన్ ఉదాహరణ ఇచ్చారు గానీ ఎల్స్ ప్రస్తావన లేదు. అది ఒక్క వరుసలో చేర్చదగిన సంగతి.

రెండో లోటు ఇంతకన్నా లోతైనది, నేను పైన అడిగిన దొంతర ప్రశ్నకి సంబంధించినది. కండిషన్-కేస్ శాఖలు స్టాక్ విప్పాకే నడుస్తాయి. తాత్కాలిక బఫర్‌లో (ఈమాక్స్ అక్షరాలను ఉంచుకునే చోటులో) ఒక ఫైలు తెచ్చుకుని చదువుతున్నాం, నాలుగు వేల వరుసలు దాటాక ఒకచోట ఎర్రర్ వచ్చింది. విత్-టెంప్-బఫర్ అనే మాక్రో (రాసిన కోడ్‌ని వేరే కోడ్‌గా విస్తరించే నిర్మాణం) తన శుభ్రతలో భాగంగా ఆ బఫర్‌ని తీసేస్తుంది. బయటి శాఖ నడిచే సమయానికి బఫర్ లేదు, కర్సర్ ఎక్కడుందో తెలియదు, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే బ్యాక్‌ట్రేస్ కూడా లేదు.

30.1లో వచ్చిన హ్యాండ్లర్-బైండ్‌లో శాఖల బదులు ఫంక్షన్లు ఇస్తాం. ఎర్రర్ పుట్టగానే, స్టాక్ ఇంకా చెక్కుచెదరకుండా ఉండగానే, ఎర్రర్ పుట్టిన చోటే ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది. తాత్కాలిక బఫర్ ఉంటుంది, కర్సర్ తప్పు జరిగిన చోటే ఉంటుంది, డైనమిక్ వేరియబుల్స్ (పిలుపుల దొంతర పొడుగునా కనబడే వేరియబుల్స్) విలువలు అలాగే ఉంటాయి, బ్యాక్‌ట్రేస్ మొత్తం రాసి పెట్టుకోవచ్చు. ఆ ఫంక్షన్ మామూలుగా ముగిసి తిరిగి వస్తే, ఈ ఎర్రర్ నా పని కాదు అన్నట్టు లెక్క. వెతుకులాట ఆగినచోటి నుంచే బయటి హ్యాండ్లర్ల వైపు సాగుతుంది. ఎర్రర్‌ని అక్కడితో ఆపాలంటే త్రో వంటిదానితో పక్కకు, అంటే క్యాచ్ అనే నిర్మాణంతో ట్యాగ్ అనే గుర్తు పెట్టిన చోటికి, దూకాలి. లిస్ప్‌లోని ఈ క్యాచ్, ట్రై-క్యాచ్‌లోని క్యాచ్ ఒకటి కాదు. మామూలుగా తిరిగి వస్తే ఎర్రర్ అణగిపోతుందనుకోవడం కొత్తవారు ముందుగా చేసే పొరపాటు.

ఈ ఫంక్షన్ లోపలే మరో ఎర్రర్ వస్తే? హ్యాండ్లర్ తనను తాను పిలుచుకుంటూ పోకుండా ఈమాక్స్ ఒక నియమం పెట్టింది. ఎర్రర్ పుట్టిన చోటుకీ ఈ హ్యాండ్లర్-బైండ్‌కీ మధ్య ఉన్న హ్యాండ్లర్లు, ఇదే హ్యాండ్లర్-బైండ్‌లోని మిగతా ఫంక్షన్లు, ఆ కాసేపు పక్కన ఉంటాయి. కొత్త ఎర్రర్‌కి హ్యాండ్లర్ ఫంక్షన్ లోపల పెట్టుకున్నవీ, బయట ఉన్నవీ మాత్రమే పలుకుతాయి. క్యాచ్ ట్యాగులకు ఈ నిషేధం లేదు, మధ్యలో ఉన్న క్యాచ్‌కి త్రో చేయవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు మీదే కింద చెప్పబోయేది నిలబడి ఉంది.

హ్యాండ్లర్ ఎర్రర్ పుట్టిన బఫర్‌లో నడుస్తుందన్నది వరమే, కానీ జాగ్రత్త కావాలి. అక్కడ కర్సర్ కదిపినా, వేరే బఫర్‌కి మారినా, సేవ్-ఎక్స్‌కర్షన్ లోపలే చేయాలి. లేకపోతే ఆ కదలిక వాడేవారి బఫర్‌లో మిగిలిపోతుంది. ఇంకో సంగతి, పిలుపుల లోతు హద్దు. మాక్స్-లిస్ప్-ఈవల్-డెప్త్ మామూలుగా 1600. అంతులేని రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) వల్ల వచ్చిన ఎర్రర్ అయితే హ్యాండ్లర్ నడిచేది ఆ నిండిపోయిన దొంతర మీదే. అక్కడ చిన్న పనే పెట్టాలి.

ఈమాక్స్‌తో వచ్చే పరీక్షల పనిముట్టు ఈఆర్‌టీని చూస్తే ఈ చేర్పు విలువ తెలుస్తుంది. విఫలమైన పరీక్షకి బ్యాక్‌ట్రేస్ కావాలంటే పాత రోజుల్లో, ఎర్రర్ రాగానే డీబగ్గర్‌ని తెరిచే డీబగ్-ఆన్-ఎర్రర్‌ని ఆన్ చేసి, డీబగ్గర్ వేరియబుల్‌లో తన సొంత ఫంక్షన్ దూర్చేది. డీబగ్-ఆన్-ఎర్రర్ ఆన్‌లో ఉంటే విత్-డిమోటెడ్-ఎర్రర్స్ వంటి మాక్రోలు ఎర్రర్‌ని మింగడం మానేస్తాయి. అంటే పరీక్షలో కోడ్ ఒకలా, మామూలుగా మరోలా నడిచేది. 30లో ఈఆర్‌టీని హ్యాండ్లర్-బైండ్ మీదకు మార్చాక ఆ దొడ్డిదారి అవసరం తప్పింది.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నదానికి వస్తాను. హ్యాండ్లర్ సమయానికి మేల్కొంది సరే, ఏం చేయగలదు? కామన్ లిస్ప్‌లో దీనికి రీస్టార్ట్‌లు ఉన్నాయి. తప్పు జరిగే చోట పనిచేసే కోడ్ తనకు తెలిసిన దారులు చెప్పి పెడుతుంది: ఈ వరుస వదిలేయవచ్చు, దీని బదులు వేరే విలువ ఇవ్వవచ్చు. వాటిలో ఏది పట్టాలో బయటి హ్యాండ్లర్ తేలుస్తుంది. దారులు తెలిసేది లోపలివారికి, నిర్ణయం తీసుకోగలిగేది బయటివారికి. ట్రై-క్యాచ్‌లో ఈ రెండూ ఒకే చోట ఉండాల్సి వస్తుంది, అందుకే లైబ్రరీ రాసినవారు వాడేవారి తరఫున ఊహించి నిర్ణయాలు చేస్తుంటారు. ఈ ఏర్పాటుకి మూలాలు పీఎల్-వన్ భాషలోని ఆన్ యూనిట్లలో, లిస్ప్ మెషీన్ల (లిస్ప్ నడపడానికే చేసిన కంప్యూటర్ల) ఎర్రర్ వ్యవస్థలో ఉన్నాయి. దాన్ని కామన్ లిస్ప్‌కి తీర్చిదిద్దినవారు కెంట్ పిట్‌మన్. 1994లో ఖరారైన అన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో అబార్ట్, కంటిన్యూ, మఫుల్-వార్నింగ్, స్టోర్-వాల్యూ, యూజ్-వాల్యూ అని అయిదు రీస్టార్ట్ పేర్లు ఉన్నాయి.

ఈమాక్స్ లిస్ప్‌లో రీస్టార్ట్‌లు లేవు. కానీ క్యాచ్, డైనమిక్ వేరియబుల్, హ్యాండ్లర్-బైండ్ ఉంటే పది పన్నెండు వరుసల్లో మనమే కట్టుకోవచ్చు. మన పాఠకులకు దగ్గరగా ఉండే ఉదాహరణతో చూద్దాం. ఒక ఫైలులో వరుసకో మొత్తం ఉంది. కొన్ని వరుసల్లో అంకెలు 0 నుంచి 9 వరకు, కొన్నిట్లో తెలుగు అంకెలు, కొన్ని పాడైన వరుసలు. ఫైలు చదివే లైబ్రరీకి తెలుగు అంకెల సంగతి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. పిలిచిన ప్రోగ్రాంకి తెలుసు.

మొదట ఎర్రర్ వచ్చేలా చేయాలి. అదేం మాట అనిపించవచ్చు. స్ట్రింగ్-టు-నంబర్ అనే ఫంక్షన్ తప్పు ఇన్‌పుట్‌కి ఎర్రర్ ఇవ్వదు. "౪౫" ఇస్తే 0 తిరిగి ఇస్తుంది, "12అ" ఇస్తే 12 ఇస్తుంది. అందుకే దాన్ని పిలిచే ముందే వరుస మొత్తం 0-9 అంకెలేనా అని ప్యాటర్న్‌తో చూసుకోవాలి. క్యారెట్, డాలర్ గుర్తులు ప్రతి వరుస మొదలు, చివరలకూ సరిపోతాయి, స్ట్రింగ్ మొత్తానికి హద్దు కావాలంటే బ్యాక్‌స్లాష్ పక్కన బ్యాక్‌టిక్, బ్యాక్‌స్లాష్ పక్కన అపాస్ట్రఫీ వాడాలి. సరిపోకపోతే పాడు-వరుస అనే సొంత ఎర్రర్‌ని సిగ్నల్ చేయాలి (అంటే పుట్టించాలి), దానితోపాటు వరుస సంఖ్యనీ, వరుసలోని అక్షరాలనీ జాబితాగా ఇవ్వాలి. సొంత ఎర్రర్‌ని డిఫైన్-ఎర్రర్‌తో ప్రకటించాలి, ఇది 24.4 నుంచి ఉంది. ప్రకటించకుండా సిగ్నల్ చేస్తే ఎర్రర్ శాఖలేవీ దాన్ని పట్టవు, తెర మీద పెక్యులియర్ ఎర్రర్ అని అర్థంకాని మెసేజ్ వస్తుంది.

తర్వాత దారులు. దారులు అనే వేరియబుల్‌ని డీఫ్‌వార్‌తో నిల్ విలువ ఇచ్చి ప్రకటించండి. ఇది చాలామంది మరచిపోయే మెట్టు. ఫైలు మొదటి వరుసలో లెక్సికల్-బైండింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు, డీఫ్‌వార్ లేకపోతే లెట్ ఆ పేరుని లెక్సికల్‌గా, అంటే ఆ కోడ్ రాసిన చోట మాత్రమే కనబడేలా, కట్టేస్తుంది. హ్యాండ్లర్ ఫంక్షన్ ఇంకోచోట రాసినది కాబట్టి దానికి ఆ విలువ కనబడదు. ఆ తర్వాత ఈ రెండు ఫంక్షన్లు:

(డీఫన్ దారితో-నడుపు (పేరు పని తర్వాత)
  (లెట్ ((ట్యాగ్ (మేక్-సింబల్ "దారి"))
        (పూర్తి నిల్)
        (విలువ నిల్))
    (సెట్‌క్యూ విలువ
      (క్యాచ్ ట్యాగ్
        (ప్రాగ్1
          (లెట్ ((దారులు (కన్స్ (కన్స్ పేరు ట్యాగ్) దారులు)))
            (ఫన్‌కాల్ పని))
          (సెట్‌క్యూ పూర్తి టీ))))
    (ఇఫ్ పూర్తి విలువ (ఫన్‌కాల్ తర్వాత విలువ))))

(డీఫన్ దారి-పట్టు (పేరు విలువ)
  (లెట్ ((జత (ఆస్‌క్యూ పేరు దారులు)))
    (వెన్ జత (త్రో (కుడర్ జత) విలువ))))

ట్యాగ్‌ని మేక్-సింబల్‌తో ప్రతిసారీ కొత్తగా చేయడానికి కారణం ఉంది. వదిలేయి అని ఒక స్థిరమైన పేరుని ట్యాగ్‌గా వాడితే, లూప్ లోపల లూప్ ఉన్నప్పుడు, లేదా మధ్యలో ఉన్న ఏ లైబ్రరీనో అదే పేరు వాడినప్పుడు, త్రో అన్నిటికన్నా లోపల ఉన్న క్యాచ్‌కి పోతుంది. కొత్త సింబల్ ఇంకెవరి దానితోనూ సమానం కాదు. క్యాచ్ పోల్చేది ఈక్యూతోనే (రెండూ ఒకే వస్తువా అని చూసే పోలికతోనే) కాబట్టి చిక్కు రాదు. పూర్తి అనే జెండా ఇక్కడ తప్పలేదు, ఎందుకంటే క్యాచ్‌కి సక్సెస్ శాఖ లేదు. తర్వాత అనే ఫంక్షన్‌ని లోపలి లెట్ బయట పిలుస్తున్నాం, అప్పటికి ఈ దారి జాబితాలో లేదు. అందులో మళ్లీ ఎర్రర్ వచ్చినా హ్యాండ్లర్ మూసేసిన దారిలోకి తోయదు.

అడిగిన పేరు జాబితాలో లేకపోతే దారి-పట్టు నిల్ ఇచ్చి ఊరుకుంటుంది. హ్యాండ్లర్ కూడా అలాగే తిరిగి వస్తుంది, ఎర్రర్ బయటివారికి పోతుంది. నేరుగా త్రో రాసి ఉంటే అదే సందర్భంలో నో-క్యాచ్ అనే కొత్త ఎర్రర్ వచ్చి అసలు ఎర్రర్‌ని కప్పేసేది.

లైబ్రరీలోని లూప్‌లో ప్రతి వరుసకీ రెండు దారులు కట్టాలి, వదిలేయి అని ఒకటి, విలువ-ఇవ్వు అని ఒకటి. వదిలేయి దారిలో తర్వాత ఫంక్షన్ సున్నా ఇస్తుంది, విలువ-ఇవ్వు దారిలో అందిన విలువనే ఇస్తుంది. పిలిచిన ప్రోగ్రాంలో మొత్తం పనిని హ్యాండ్లర్-బైండ్‌లో పెట్టి పాడు-వరుసకి ఒక ఫంక్షన్ ఇవ్వాలి. ఆ ఫంక్షన్ ఎర్రర్ వస్తువులోంచి అక్షరాలు తీసుకుంటుంది. అక్షరాలు ఉండి, అన్నీ తెలుగు అంకెలే అయితే మారుస్తుంది. యూనికోడ్‌లో తెలుగు సున్నా సంఖ్య 3174, తొమ్మిది 3183. ఒక్కో అక్షరం సంఖ్యలోంచి 3174 తీసేస్తే అంకె వస్తుంది. వచ్చిన విలువతో విలువ-ఇవ్వు దారి పట్టిస్తుంది. తెలుగు అంకెలు కాకపోతే లెక్కపెట్టుకుని వదిలేయి దారి పట్టిస్తుంది. వదిలేసినవి 50 దాటితే ఏ దారీ పట్టకుండా తిరిగి వస్తుంది. అన్ని వరుసలు పాడయ్యాయంటే అది వరుసల తప్పు కాదు, తప్పు ఫైలు ఇచ్చారని అర్థం, అప్పుడు ఆగిపోవడమే మేలు. ఈ 50 అన్న అంకె ఎక్కడ రాశామో చూడండి. లైబ్రరీలో కాదు, పని అప్పగించినవారి దగ్గర.

ఈ ఏర్పాటు పనిచేయకపోతే ముందుగా చూడాల్సింది, మధ్యలో ఎవరైనా కండిషన్-కేస్‌లో ఎర్రర్ శాఖో, ఎర్రర్లన్నిటినీ మింగేసే ఇగ్నోర్-ఎర్రర్సో పెట్టారా అని. వెతుకులాట లోపలినుంచి బయటకి సాగుతుంది, మధ్యలో కండిషన్-కేస్ పట్టేస్తే బయటి హ్యాండ్లర్-బైండ్‌కి కబురే అందదు. ఇగ్నోర్-ఎర్రర్స్‌ని పెద్ద కోడ్ చుట్టూ పెట్టడం మరో కారణంగా కూడా చెడ్డది. వేరియబుల్ పేరులో అక్షరం తప్పు రాసినా వచ్చే వాయిడ్-వేరియబుల్ కూడా ఎర్రర్ సంతానమే, అదీ మాయమైపోతుంది. ఒక్క రకాన్నే వదిలేయాలంటే ఇగ్నోర్-ఎర్రర్ అని ఏకవచనంలో ఇంకో మాక్రో ఉంది, దానికి ఎర్రర్ పేరు ఇవ్వాలి.

పై ఫంక్షన్లని వాడేటప్పుడు ప్రతిసారీ ల్యాంబ్డాలు (పేరు లేని ఫంక్షన్లు) రాయడం విసుగనిపిస్తే పైన ఒక మాక్రో కప్పవచ్చు. మాక్రోలో పని ఏమీ పెట్టవద్దు. ఇచ్చిన కోడ్‌ని ల్యాంబ్డాలో చుట్టి దారితో-నడుపుకి అందించడమే దాని పని కావాలి. హ్యాండ్లర్-బైండ్‌ని కూడా ఈమాక్స్ అలాగే కట్టింది, అది హ్యాండ్లర్-బైండ్-1 అనే ఫంక్షన్ మీద కప్పిన మాక్రో. ఇందులో లాభం ఏమిటంటే, మాక్రో విస్తరణ బైట్-కంపైల్ చేసిన (ముందే అనువదించి పెట్టిన) ప్రతి ఫైలులోనూ గడ్డకట్టి ఉంటుంది. అందులో తప్పు దిద్దితే వాడిన ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ చేయాలి. ఫంక్షన్‌లో దిద్దితే ఆ ఒక్కటీ లోడ్ చేస్తే చాలు. మాక్రోకి డిక్లేర్‌లో ఇండెంట్, డీబగ్ రెండూ చెప్పండి. ఇండెంట్ లేకపోతే ఎడిటర్ వరుసలు వంకరగా జరుపుతుంది, డీబగ్ లేకపోతే ఈమాక్స్ లిస్ప్ డీబగ్గర్ అయిన ఎడీబగ్‌తో లోపలి కోడ్‌లో అడుగడుగునా ఆగడం కుదరదు.

ఈమాక్స్ 29, అంతకన్నా పాతవి వాడేవారికి హ్యాండ్లర్-బైండ్ లేదు. ఆ పేరు పిలిస్తే వాయిడ్-ఫంక్షన్ అని వెంటనే అరుస్తుంది, ఇది సక్సెస్ శాఖ నిశ్శబ్దం కన్నా మంచిదే. సిగ్నల్-హుక్-ఫంక్షన్ అనే వేరియబుల్‌తో కొంత నెట్టుకురావచ్చు. కానీ అది ఎవరో పట్టుకోబోయే ఎర్రర్‌తో సహా ప్రతి ఎర్రర్‌కీ, ఈమాక్స్ మొత్తానికీ పలుకుతుంది. ప్యాకేజీలో వాడవద్దు. కామన్ లిస్ప్ నుంచి వచ్చేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ హ్యాండ్లర్లన్నీ కాదంటే సిగ్నల్ నిల్ ఇచ్చి తిరిగి వస్తుంది, ఈమాక్స్‌లో సిగ్నల్ ఎన్నటికీ తిరిగి రాదు.

మీరు ఆ వ్యాసానికి రెండో భాగం వేయించగలిగితే, భాష ఏదైనా సరే, విద్యార్థులకి ఈ అభ్యాసం ఇవ్వమని కోరుతున్నాను. అయిదు వరుసల ఫైలు చేయండి: 250, ౪౫, 12అ, ఒక ఖాళీ వరుస, 90. కూడమని చెప్పండి. పైన చెప్పిన దారులతో రాస్తే మొత్తం 385 రావాలి, వదిలేసినవి రెండు అని తేలాలి. మొత్తం పని చుట్టూ ఒక్క కండిషన్-కేస్ పెట్టి ఊరుకుంటే రెండో వరుస దగ్గరే ఆగిపోతుంది, మొదటి వరుస 250 కూడా చేతికి రాదు. ముందు పరీక్ష లేకుండా ఉత్త స్ట్రింగ్-టు-నంబర్‌తో కూడితే ఏ ఎర్రరూ లేకుండా 352 వస్తుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు